సోమర్‌విల్ సైకిల్ రేసుకు మనమేం చేయగలం?

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నామండీ. సోమర్‌విల్‌లో మెమోరియల్ డేకి (యుద్ధాల్లో చనిపోయిన అమెరికా సైనికుల స్మారక దినానికి) జరిగే సైకిల్ రేసంటే మా పిల్లలకు ప్రాణం. పాత రేసులు ఒక్కోటీ ఆగిపోతుంటాయని విని టెన్షన్‌గా ఉంది. మాలాంటివాళ్లం ఏం చేయగలం?

జవాబు: 1940లో మొదలైన రేసు అది. బహుమతుల కోసం రోడ్ల మీద పందేలు కుదరవని చట్టం అడ్డొస్తే, ‘టూర్’ అని పేరు పెట్టి మరీ నడిపారు. తొలి రెండేళ్లు గెలిచిన ఫర్మన్ కూగ్లర్, 1942లో గెలిచిన కార్ల్ ఆండర్సన్ ఇద్దరూ రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోతే ప్రధాన రేసుకు వాళ్ల పేర్లే పెట్టారు, అందుకే అది ఆగకూడదని నాకూ గట్టిగా ఉంది. ఇలాంటి రేసులకు రోడ్లు మూయడం, పోలీసులు, ఇన్సూరెన్స్ పెద్ద ఖర్చులు. మలుపుల దగ్గర నిలబడే వాలంటీర్లూ కావాలి, ముందు మీ పేరివ్వండి. ఒక ల్యాప్ బహుమతి (రేసు మధ్యలో ఒక చుట్టులో ముందొచ్చినవాళ్లకిచ్చేది) ఇమ్మని మీ తెలుగు సంఘాన్ని అడగండి, చిన్న మొత్తమైనా నిర్వాహకులకు ఊరటే.