గేమ్ అయిపోయిన రాత్రి

ఈమధ్య మీరు చివరిదాకా ఆడిన వీడియో గేమ్ గురించి రాయండి, అడగాలనుకున్నది అడగండి అని పోయిన సంచికలో కోరాను. వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. ముందే చెప్తున్నా, కథల ముగింపులు దాచడం లేదు. ఇంకా మధ్యలో ఉన్నవాళ్లు ఆ గేమ్ పేరు కనిపించగానే తర్వాతి ఉత్తరానికి వెళ్లిపోండి.

*ప్రశ్న: అన్నా, నేను బీటెక్ థర్డ్ ఇయర్. సెలవుల్లో రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఆడాను. ఆర్థర్ చనిపోయి పది రోజులైంది. అన్నం సయించట్లేదంటే రూమ్మేట్లు నవ్వుతున్నారు. గేమ్ ఇంకా ఉంది, జాన్ మార్‌స్టన్‌గా ఆడమంటోంది. నాకు చెయ్యి రావట్లేదు. ఇక్కడితో ఆపేయనా?*
— ఒక విద్యార్థి, వరంగల్

ఆపకు తమ్ముడూ. కానీ ముందు నీ బాధ సంగతి మాట్లాడుకుందాం. (ఆడనివాళ్లకు: ఆర్థర్ ఈ ఆటలో మనం నడిపించే అమెరికా దొంగల ముఠా మనిషి, జాన్ అదే ముఠాలోని వాడు.)

నేను ఆర్థర్‌ని పోగొట్టుకున్నది 2019 వేసవిలో. తెల్లవారుజాము మూడున్నర అయింది. టీవీ కట్టేసి బాల్కనీలో కూర్చుంటే పాల ప్యాకెట్లబ్బాయి వచ్చేదాకా లేవలేదు. కాబట్టి నవ్వేవాళ్లను నవ్వనీ.

సినిమాలో హీరో పోతే ఏడుస్తాం, బయటికొచ్చి బండి స్టార్ట్ చేస్తాం. ఇందులో అలా ఎందుకు కుదరదో ఒక్క ఘట్టంతో చెప్తాను. రెండో చాప్టర్‌లో స్ట్రాస్ అనే వడ్డీ వ్యాపారి బాకీల చిట్టా చేతికిచ్చి వసూలుకి పంపిస్తాడు గుర్తుందా? థామస్ డౌన్స్ అని ఒక బక్కచిక్కిన మనిషి, తన పొలంలో పని చేసుకుంటూ ఉంటాడు. ఆర్థర్ వెళ్లి అతన్ని కొడతాడు. బటన్ నొక్కింది మాత్రం నీ వేలు. అతను దగ్గితే రక్తం వచ్చి ఆర్థర్ మొహాన పడుతుంది. ఆ క్షణంలో నేను దాన్ని పట్టించుకోలేదు. బాకీ ఎంత రాలుతుందా అని చూశాను. నువ్వూ అంతే అయ్యుంటావు. ఆ తర్వాత ఎన్ని దోపిడీలు, ఎన్ని వేటలు! ఎన్నో గంటల ఆట గడిచాక సెయింట్ డెనిస్ వీధిలో ఆర్థర్ కుప్పకూలతాడు. డాక్టర్ క్షయ అంటాడు. అప్పుడు ఆ పొలం, ఆ దగ్గు ఒక్కసారిగా గుర్తొస్తాయి. ఆ వసూలు చేయకుండా తప్పించుకునే దారి గేమ్‌లో ఎక్కడా లేదు. మళ్లీ మొదలుపెట్టి ఆడినా నువ్వు వెళ్లాలి, కొట్టాలి.

కథ జరిగేది 1899లో. క్షయ క్రిమిని రాబర్ట్ కాక్ 1882లోనే కనిపెట్టాడు. దాన్ని చంపే మందు, స్ట్రెప్టోమైసిన్, 1943 దాకా దొరకలేదు. ఈ రెండింటికీ మధ్య బతికినవాళ్లకు జబ్బేమిటో తెలుసు, చేయగలిగింది తెలీదు. అందుకే ఆ డాక్టర్ విశ్రాంతి తీసుకో, వెచ్చగా ఉండే చోటికి వెళ్లు అని మాత్రమే చెప్పగలిగాడు.

ఇది నాకు ఇంకా లోతుగా తగిలింది. 1991లో మా చిన్నాన్నకు ఇదే జబ్బు. నెలల తరబడి మాత్రలు మింగాడు. గ్లాసు వేరు, కంచం వేరు. పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. వసారాలో నులక మంచం మీద కూర్చుని దగ్గేవాడు, చేతిరుమాలు తెరిచి చూసుకునేవాడు, మళ్లీ నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకునేవాడు. గేమ్ చివర్లో ఆర్థర్ మొహం పాలిపోయి, కళ్ల చుట్టూ ఎర్రబడి, గుర్రం మీద వంగిపోయి వెళ్తుంటే నాకు ఆ వసారా, ఆ రుమాలు కనిపించాయి. చిన్నాన్న బతికాడు. ఇప్పటికీ పొద్దున్నే నడకకు వెళ్తాడు. ఆర్థర్‌కి ఆ మాత్ర అందలేదు, అంతే తేడా.

ఇక ఆపేయడం గురించి. ఆర్థర్ తన ఆఖరి ఊపిరిని దేనికి ఖర్చు పెట్టాడు? జాన్ తన భార్యా బిడ్డల దగ్గరికి చేరుకోవాలని. ఆ బతుకు ఎలా ఉందో చూడకుండా వదిలేస్తే ఆర్థర్ కథ సగమే చూసినట్టు. 1907లో జాన్ పేడ ఎత్తుతాడు, ఆవు పాలు పితుకుతాడు, కంచె బాగుచేస్తాడు. చాలామందికి ఇక్కడ బోరు కొట్టింది. నాకు ఆ పేడ ఎత్తే పని ఓదార్పుగా అనిపించింది. చావు జరిగిన ఇంట్లో మర్నాడు పొద్దున గేదెకు గడ్డి వేయక తప్పదు కదా, అలా. తర్వాత బ్యాంకు అప్పుతో బీచర్స్ హోప్ అనే జాగా కొని, పాత ముఠా నేస్తాలు చార్లెస్, అంకుల్ సాయంతో ఇల్లు కడతాడు. మేకు మీద సుత్తి దెబ్బ నువ్వే వేయాలి. డౌన్స్‌ని కొట్టిన చేత్తోనే ఈ ఇల్లూ కట్టు. అది నిలబడ్డాక గుర్రమెక్కి ఉత్తరాన కొండ మీదున్న ఆర్థర్ సమాధి దగ్గరికి వెళ్లు. వెళ్లొచ్చాక నాకు మళ్లీ రాయి.

*ప్రశ్న: మేమిద్దరం ఇట్ టేక్స్ టూ కలిసి ఆడాం. ఏనుగు బొమ్మ దగ్గర మా ఆవిడ కంట్రోలర్ పక్కన పెట్టేసింది. అరగంట బతిమాలితే గానీ మళ్లీ పట్టుకోలేదు. అంత క్రూరంగా ఎందుకు పెట్టారండీ?*
— ఒక పాఠకుడు, కరీంనగర్

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. విడిపోదామనుకున్న భార్యాభర్తలు మే, కోడీ బొమ్మలుగా మారిపోతారు. కూతురు రోజ్ కన్నీళ్లు పడితే మళ్లీ మనుషులవుతామని నమ్మి, ఆ పాపకు ప్రాణమైన ఏనుగు బొమ్మను నాశనం చేయడానికి బయల్దేరతారు. బొమ్మ వద్దు వద్దని వేడుకుంటుంది. ఇద్దరు ఆటగాళ్లూ కలిసి దాన్ని ఈడ్చుకెళ్లాలి.

2021లో ది గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి మేటి గేమ్‌గా నిలిచింది ఇదే. నాకూ చాలా ఇష్టం. పెద్దవాళ్ల గొడవలో పిల్లల వస్తువే ముందు నలుగుతుందని చూపడం సబబే. కానీ ఆ తర్వాత కథ గబగబా వేరే సరదాలోకి వెళ్లిపోతుంది. అంత పాపం చేయించాక మనల్ని కాసేపు అక్కడే కూర్చోబెట్టాల్సింది. మీ ఆవిడ ఆ అరగంట కూర్చున్నారు. గేమ్ వదిలేసిన పని ఆవిడ చేశారు.

*ప్రశ్న: సెలెస్ట్ పూర్తి చేశాను. కుడిచేతి బొటనవేలికి ఆపరేషన్ అయింది, బటన్లు వేగంగా నొక్కలేను. అందుకని అసిస్ట్ మోడ్ పెట్టుకున్నాను. మా తమ్ముడేమో అది పూర్తి చేసినట్టు కాదంటున్నాడు. నిజమేనా?*
— ఒక ఉద్యోగిని, కాకినాడ

కాదమ్మా. మాడలిన్ అనే అమ్మాయితో పాటు మీరూ ఆ కొండ ఎక్కారు.

అసిస్ట్ మోడ్ ఎవరో దొడ్డిదారిన పెట్టింది కాదు. 2018లో గేమ్ విడుదల చేసినప్పుడు తయారుచేసినవాళ్లే పెట్టారు. ఆట వేగం సగం దాకా తగ్గించుకోవచ్చు, అలసట లేకుండా పట్టుకుని ఎక్కొచ్చు, కావాలంటే దెబ్బే తగలకుండా చేసుకోవచ్చు. వేలు నొప్పి పెట్టేవాళ్లు కూడా మాడలిన్ కథ వినాలని వాళ్లు అనుకున్నారు. నేను మామూలుగా ఆడితే చావుల లెక్క మూడు వేలు దాటింది. ఆ అంకె మా ఇంట్లో ఎవరికీ గొప్పగా అనిపించలేదు.

మీ తమ్ముడిని ఒకటి అడగండి, రోప్‌వే పెట్టె మధ్యలో ఆగిపోయిన చోటు గుర్తుందా అని. మాడలిన్‌కి ఊపిరి ఆడదు, గుండె దడ. పక్కనున్న థియో, నీ ముందు ఒక ఈక ఉందనుకో, ఊపిరితో దాన్ని తేలుతూ ఉంచు అంటాడు. తెర మీద ఈక వస్తుంది. మనం బటన్ నొక్కి వదులుతూ దాన్ని పైకీ కిందికీ ఆడించాలి. నొక్కే లయ మెల్లగా ఊపిరి లయ అయిపోతుంది. అక్కడ వేగంతో పనే లేదు. మీ బొటనవేలు సరిపోతుంది. పోయిన ఏడాది ఎమ్మారై మెషీన్‌లో పడుకున్నప్పుడు నేను కళ్లు మూసుకుని తలుచుకున్నది ఆ ఈకనే. టెన్షన్ పూర్తిగా పోలేదు గానీ, ఇరవై నిమిషాలు కదలకుండా ఉండగలిగాను.

ఇంకో సంగతి. తనలోని భయం ఒక నీడ మనిషిగా ఎదురొచ్చినప్పుడు మాడలిన్ దాన్ని వదిలించుకోవాలని చూస్తుంది, కొండ మీంచి కిందపడుతుంది. దానితోనే చెయ్యి కలిపాక గాలిలో రెండుసార్లు దూసుకెళ్లే బలం వస్తుంది. కింది ఉత్తరం రాసిన పెద్దాయనకు ఈ సంగతి నచ్చుతుందనుకుంటాను.

*ప్రశ్న: బాబూ, నాకు 67 ఏళ్లు. ముప్పై ఏళ్ల కిందట ఆఫీసుకి కంప్యూటర్ వచ్చిన కొత్తలో భోజనాల వేళ ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడేవాణ్ణి. ప్రతిసారీ గంట గడువు ముగిసిపోయేది. మొన్న మనవడి లాప్‌టాప్‌లో పూర్తి చేశాను. చివర్లో నీడ మనిషిని పొడిస్తే నాకే ప్రాణం తగ్గుతోంది. కత్తి దాచెయ్ తాతా అన్నాడు వాడు. దాచగానే ఇద్దరూ ఒకటైపోయారు. ఇంత గొప్ప ఊహ ఎవరిది? ఆ నడకలో అంత జీవం ఎలా వచ్చింది?*
— ఒక విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

నమస్కారమండీ. మీ ఉత్తరం మా ఇంట్లో పైకి చదివి వినిపించాను.

జోర్డాన్ మెక్నర్ అనే అమెరికా కుర్రాడు ఆపిల్ 2 కంప్యూటర్ మీద కొన్నేళ్లు కూర్చుని చేసిన గేమ్ అది, 1989లో వచ్చింది. చెరలో ఉన్న రాకుమారిని గంటలోపు విడిపించడమే ఆట. మీరు మెచ్చుకున్న నడక అతని తమ్ముడు డేవిడ్‌ది. తెల్లబట్టలు వేయించి, పరిగెత్తించి, దూకించి, గోడ పట్టుకుని ఎగబాకించి వీడియో తీశాడు. దాన్ని ఒక్కో ఫ్రేమూ ఆపి, ఆ ఒంటి ఆకారాన్ని కంప్యూటర్‌లోకి గీసుకున్నాడు. అందుకే రాకుమారుడు ఆగాలన్నా ఒక అడుగు జారి ఆగుతాడు, మనిషి ఒంటికున్న బరువు వల్ల.

ఇక నీడ మనిషి. అంత కదలిక గీశాక కంప్యూటర్‌లో ఇంకో మనిషి బొమ్మలకు మెమరీ మిగల్లేదు. శత్రువు లేకుండా ఆట చప్పగా ఉంది. అప్పుడు రాకుమారుడి బొమ్మలనే లెక్క కాస్త మార్చి తెర మీద చూపిస్తే నీడలా మెరిసే ఆకారం వచ్చింది. తర్వాత ఎలాగో చోటు సంపాదించి భటులను పెట్టాడు గానీ, నీడ నిలిచిపోయింది. అద్దంలోంచి దూకినప్పుడు పుడుతుంది, మన మందు సీసా తాగేసి పోతుంది, చివరికి మన ఎదురుగా కత్తి దూస్తుంది. చోటు చాలక పుట్టిన నీడ ఆ ఆటకే ఆత్మ అయింది.

నేను దాన్ని చూసింది తెనాలిలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో, నలుపు తెలుపు మానిటర్ మీద. ఫ్లాపీ తెచ్చే సీనియర్ వెనకాల అయిదుగురం నిలబడేవాళ్లం. నేలలోంచి ముళ్లు లేచే చోట షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఒక్కొక్క అడుగే వేయాలి. అక్కడికి రాగానే గదిలో అందరం మాట మానేసేవాళ్లం. రాకుమారుడు దాటాక ఊపిరి వదిలేవాళ్లం. నేను మాత్రం కత్తి దాచాలని తెలుసుకోలేకపోయాను. ఎదురుగా ఉన్నవాణ్ణి పొడవాలనే అనుకునే వయసు. మీ మనవడికి ఆ మాట తట్టిందంటే వాడికి నా తరఫున ఒక మంచి పుస్తకం కొనిపెట్టండి.

*ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం, మాది నెల్లూరు. మా అబ్బాయికి 15 ఏళ్లు. ఇద్దరం కలిసి వెన్బా గేమ్ ఒక్క సాయంత్రంలో పూర్తి చేశాం. గంటన్నరకు ఇంత డబ్బా అన్నారు మావారు. వాడు మాత్రం వంటింట్లోకి వచ్చి, మనకీ అమ్మమ్మ రాసిన వంటల పుస్తకం ఉందా అని అడిగాడు. లేదన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఏం చేయమంటారు?*
— ఒక తల్లి

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. నా దగ్గర వంద గంటలు ఆడి, ఒక్క మనిషి పేరు కూడా గుర్తులేని గేమ్‌లు ఉన్నాయి. 2023లో టొరంటోలోని విసై గేమ్స్ చేసిన ఈ చిన్న గేమ్‌లో మొదటి ఇడ్లీ నాకు ఇప్పటికీ గుర్తుంది. 1988లో కెనడాకు కొత్తగా వెళ్లిన తమిళ దంపతులు. అమ్మ ఇచ్చిన వంటల పుస్తకంలో అక్షరాలు చెరిగిపోయాయి, మిగిలింది మనం ఊహించుకోవాలి. ఇడ్లీ రేకులు ఒకదాని మీద ఒకటి పెట్టేటప్పుడు గుంట కింద గుంట రాకుండా తిప్పి పెడితేనే ఆవిరి పైదాకా వెళ్తుంది. ఇది మా అమ్మ చూడకుండానే చేస్తుంది. గేమ్‌లో నేను తప్పు పెట్టాను. నలభై ఏళ్లుగా తింటున్నాను, ఆ రేకులు ఒక్కసారి కూడా అమర్చలేదని అప్పుడు తెలిసింది. మర్నాడు పొద్దున అమ్మ పక్కన నిలబడి నేనే పెట్టాను.

కొడుకు కవిన్ పెద్దయ్యాక ఆ పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు చూడండి, తమిళం కూడబలుక్కుని చదువుతూ. మీ అబ్బాయి చిన్నబుచ్చుకున్నది అక్కడే అనుకుంటాను. వాడికి వెంటనే ఇంకో గేమ్ కొనిపెట్టకండి. ఈ ఆదివారం మీ అమ్మగారికి వీడియో కాల్ చేసి, ఫోన్ వాడి చేతికివ్వండి. నెల్లూరు చేపల పులుసు ఎలా చేస్తారో వాణ్ణే అడగనివ్వండి. ఆవిడ చింతపండు ఎంత అంటే నిమ్మకాయంత అంటారు, ఉప్పు ఎంత అంటే చూసుకుని వేసుకో అంటారు. వాడు ఏ లిపిలో రాసుకున్నా ఫర్వాలేదు, ఆ మాటలు ఆవిడ అన్నట్టే రాసుకోమనండి. చేపలు రాత్రి వండి, పొద్దున తినండి.