మీడియావికీలో (వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్‌లో) యంత్రానువాద సేవను కలిపితే పేజీలు వాటంతటవే తెలుగులోకి మారతాయా?

మారవు, పేజీల అనువాదానికి వాడే అదనపు భాగమైన ట్రాన్స్‌లేట్ ఎక్స్‌టెన్షన్‌కు సేవ కలిపినా, అనువదించేవారికి సూచన కనబడుతుందే తప్ప పేజీ దానంతటది తయారవదు. ఎందుకంటే ఈ ఎక్స్‌టెన్షన్ పేజీ మొత్తాన్ని ఒకేసారి అనువాదానికి పంపదు. ముందు అనువదించాల్సిన పాఠ్యాన్ని ట్రాన్స్‌లేట్ ట్యాగుల మధ్య పెట్టాలి, తర్వాత అనువాద నిర్వాహక హక్కులున్నవారు పేజీని అనువాదానికి సిద్ధమని గుర్తించాలి. అప్పుడే అది ఖాళీ లైన్ల దగ్గర విడిపోయి యూనిట్లవుతుంది. ఒక్కో యూనిట్ తెరిచినప్పుడు సూచన వస్తుంది. దాన్ని సరిచూసి భద్రపరచాల్సింది మనిషే.

ఈ సూచనల్లో ఎక్కువగా చెడేది వాక్యం మధ్యలో ఉన్న కమాండ్లు, ఫైల్ పేర్లు. ఉదాహరణకు "సర్వర్ ఆపడానికి ఈ కమాండ్ ఇవ్వండి" అనే అర్థమున్న ఇంగ్లీషు వాక్యంలోని కమాండునే యంత్రం అనువదించేస్తే అది ఇక పనిచేయదు. కమాండు చుట్టూ టీవార్ ట్యాగ్ (అనువదించకూడని భాగాన్ని వేరుచేసే గుర్తు) పెడితే, యూనిట్‌లో దాని బదులు డాలర్ గుర్తుతో మొదలయ్యే పేరు మాత్రమే ఉంటుంది. (సూచనను తీసుకున్నాక ఆ పేరు చెక్కుచెదరకుండా ఉందో లేదో ఒకసారి చూడడం మంచిది.)

మూల పేజీని మార్చగానే అనువాదాలూ మారతాయన్నది చాలామంది పొరబాటు. మార్చిన పేజీని మళ్ళీ గుర్తించేదాకా అనువాదకులకు పాత పాఠ్యమే కనిపిస్తుంది.