నల్ల ఇసుక మీద మీటరు మోగుతోంది... కడుపులో బిడ్డకు ముప్పా?

ప్రశ్న: మాది భీమిలి దగ్గర ఊరు. ఇంటి పునాదిలో తీరపు నల్ల ఇసుక నింపాం. ఆన్‌లైన్‌లో కొన్న రేడియేషన్ మీటరు ఇసుక మీద పెడితే గంటకు 0.60 మైక్రోసీవర్ట్, గదిలో 0.18 చూపిస్తోంది. కోడలికి ఐదో నెల. పుట్టింటికి పంపేయాలా? రక్తపరీక్షలు చేయించాలా? - ఓ పాఠకురాలు

జవాబు: సీమంతం అయ్యాక ముచ్చటగా పంపండి, ఈ భయంతో మాత్రం వద్దు. గదిలోని 0.18నే లెక్కేద్దాం. సీవర్ట్ అంటే ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదుకు కొలత; వెయ్యి మైక్రోసీవర్ట్‌లు ఒక మిల్లీసీవర్ట్. తొమ్మిది నెలలూ రాత్రింబవళ్లు అక్కడే ఉన్నా మొత్తం 1.2 మిల్లీసీవర్ట్‌లు దాటదు. పిండానికి అవకరాలు వస్తాయని వైద్యులు ఆందోళన పడేది 100 మిల్లీసీవర్ట్‌లు దాటినప్పుడు. ఇంత తక్కువ మోతాదు ఏ రక్తపరీక్షలోనూ కనిపించదు, డబ్బు దండగ.

ఇసుకకు ఆనించి కొలిస్తే అంకె పెరుగుతుంది. చవక మీటర్లు ఎక్కువ దూరం పోలేని బీటా కణాలను కూడా, ఒంట్లోకి చొచ్చుకుపోయే గామా కిరణాలుగా లెక్కేస్తాయి. నేలకు మీటరు ఎత్తులో పట్టుకుని, పది నిమిషాల సగటు తీసుకోండి. ఫోన్ యాప్‌లను నమ్మొద్దు.

మీ తీరపు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంటుంది, అందులో థోరియం అనే రేడియోధార్మిక లోహం. అది ఎంతుందో తెలియాలంటే ఇసుకను ప్రయోగశాలకు పంపాలి. అలలు బరువైన రేణువులను ఒకచోట పోగేస్తాయి కాబట్టి నల్లగా కనిపించిన చోట ఒక్క గుప్పెడు తీసి పంపితే రిపోర్టు తప్పుదోవ పట్టిస్తుంది. నాలుగైదు చోట్ల తీసి కలిపి, కిలో పంపండి. ప్రయోగశాలలో 110 డిగ్రీల వద్ద ఆరబెట్టి, జల్లించి, గాలి చొరని డబ్బాలో మూసి నాలుగు వారాలు ఉంచాలి. ఇసుకలోనే ఉండే మరో రేడియోధార్మిక లోహం రేడియం; దాని నుంచి పుట్టే రేడాన్ వాయువు బయటికి పోతే రేడియం తక్కువగా తేలుతుంది. అందుకే రెండు రోజుల్లో రిపోర్టు ఇస్తామంటే, డబ్బా ఎన్నాళ్లు మూసి ఉంచారో అడగండి.

రిపోర్టులో రేడియం, థోరియం, పొటాషియం అని మూడు అంకెలుంటాయి, కిలోకు బెకరెల్‌లలో (రేడియోధార్మికతకు కొలత). థోరియాన్ని 1.43తో, పొటాషియాన్ని 0.077తో హెచ్చించి రేడియానికి కలపాలి. ఉదాహరణకు రేడియం 60, థోరియం 180, పొటాషియం 250 అయితే మొత్తం సుమారు 337. నిర్మాణ సామగ్రికి పరిమితి 370. ఈ మొత్తంలో ఎక్కువ వాటా థోరియానిదే, చూశారుగా.

కేరళలోని కరునాగపల్లిలో ఇంతకన్నా ఎక్కువ నేపథ్య రేడియేషన్‌లో (నేల నుంచి సహజంగా వచ్చేది) బతికే దాదాపు 70 వేల మందిని సగటున పదేళ్లకు పైగా గమనించారు. 2009లో వచ్చిన ఆ ఫలితాల్లో నేల రేడియేషన్ వల్ల క్యాన్సర్ పెరిగినట్లు తేలలేదు.

నేలలో పగుళ్లుంటే సిమెంటుతో పూడ్చి, కిటికీలు తెరిచి ఉంచండి. పగుళ్లలోంచి పైకి వచ్చే రేడాన్ ఊపిరితిత్తులకు మంచిది కాదు. అదే ఇసుకతో ఇంకో గది కట్టాలనుకుంటే మాత్రం రిపోర్టు వచ్చేదాకా ఆగండి.