ముందు మానిటర్ తేల్చుకోండి, మిగతావి ఆ తర్వాత

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని. పగలు ఆండ్రాయిడ్ స్టూడియో, రెండు ఎమ్యులేటర్లు, డాకర్, బ్రౌజర్‌లో లెక్కలేనన్ని ట్యాబులు. రాత్రి గేమింగ్, శని ఆదివారాల్లో యూట్యూబ్‌లో లైవ్. ఒక్కోసారి బిల్డ్ (కోడ్‌ని యాప్‌గా మార్చే పని) నడుస్తుండగానే గేమ్ ఓపెన్ చేస్తాను. మూడున్నర లక్షల్లో సిస్టమ్ కట్టించాలని షాపులో కొటేషన్ తీసుకున్నానండి. కోర్ ఐ9 14900కే, ఆర్‌టీఎక్స్ 5080, 16 జీబీ ర్యాములు నాలుగు, జెన్5 ఎస్‌ఎస్‌డీ 2 టీబీ, 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్, ముందూ పక్కనా అద్దాలున్న కేబినెట్ ఇస్తామన్నారు. మానిటర్ నా దగ్గరున్న పాతదే, 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, 60 హెర్ట్జ్. తీసుకోమంటారా?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఉన్నదున్నట్టు తీసుకోకండి. డబ్బంతా గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టి, దాన్ని మోయాల్సిన ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే పవర్ సప్లై) దగ్గర మిగుల్చుకున్న కొటేషన్ ఇది. 5080కి కనీసం 850 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని ఎన్విడియానే చెబుతోంది, మీకు రాసిచ్చింది 750. పక్కనున్నది కరెంటు బాగా లాగే 14900కే, పూర్తి లోడ్‌లో అదొక్కటే 253 వాట్ల దాకా తీసుకుంటుంది.

అన్నిటికన్నా ముందు మానిటర్ సంగతి. ఫుల్ హెచ్‌డీలో కార్డు ప్రతి ఫ్రేముకీ గీయాల్సిన పిక్సెళ్లు సుమారు 20.7 లక్షలు. 1440పీలో 36.9 లక్షలు, 4కేలో 83 లక్షలు. మీ పాత మానిటర్ సెకనుకు 60 ఫ్రేములే చూపిస్తుంది కాబట్టి 5080 నూట యాభై ఫ్రేములిచ్చినా కంటికి కనిపించేవి అరవయ్యే. లక్ష దాటిన కార్డు కొని ఆ తెర మీద ఆడటం డబ్బు దండగ. 27 అంగుళాల 1440పీ, 165 హెర్ట్జ్ లేదా ఆ పైన ఉన్న మానిటర్‌ను ఇదే బడ్జెట్‌లో పెట్టుకోండి, కోడ్ రాసుకోవడానికి కూడా 24 అంగుళాల కంటే చాలా హాయిగా ఉంటుంది, పాతదాన్ని పక్కన పెట్టుకుంటే లైవ్‌లో చాట్ చూసుకోవచ్చు. 1440పీ అని తేలాక ఆర్‌టీఎక్స్ 5070 టీఐ సరిపోతుంది. 5080లో ఉన్నట్టే దీన్లోనూ 16 జీబీ మెమరీయే, 360 వాట్ల బదులు 300 వాట్లు, గేముల్లో తేడా పదిహేను శాతం అటూ ఇటూ. ఒట్టి గేములకే అయితే ఏఎండీ ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ కూడా చూడమనేవాణ్ణి, మీరు లైవ్ పెడతారు కాబట్టి ఎన్విడియాకే నా ఓటు. లైవ్ పెట్టే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో ఎన్‌వెంక్ ఎంచుకుంటే వీడియో ఎన్‌కోడింగ్ మొత్తం కార్డులో దానికోసమే ఉన్న భాగం చూసుకుంటుంది, ప్రాసెసర్ మీద భారం దాదాపు పడదు.

కార్డులో మిగిలింది ప్రాసెసర్‌లో పెట్టండి. 14900కే వద్దనడానికి కారణాలు రెండు. 2024లో ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లలో వోల్టేజీ మోతాదు మించి చిప్పు మెల్లగా దెబ్బతింటోందని బయటపడింది. కంపెనీ ఒప్పుకుని మైక్రోకోడ్ (ప్రాసెసర్‌ని లోపల్నుంచి నడిపే ప్రోగ్రాము) సరిచేసింది, వారంటీ మరో రెండేళ్లు పెంచింది. ఇప్పటికే వాడుతున్నవాళ్లు బయోస్ (మదర్‌బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకుంటే సరే, కొత్తగా కొనేవాళ్లకి ఆ టెన్షన్ ఎందుకు? రెండోది, ఆ మదర్‌బోర్డులో ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌కి ఇక కొత్త తరం రాదు, ఇంటెల్ డెస్క్‌టాప్‌లకు వేరే సాకెట్‌కి మారిపోయింది. ఏఎండీ ఏఎం5 సాకెట్‌కైతే కనీసం 2027 వరకు సపోర్ట్ ఉంటుందని కంపెనీ చెప్పింది.

మీ పనికి రైజెన్ 9 9950ఎక్స్3డీ తీసుకోండి. 16 కోర్లు, అందులో ఎనిమిదింటి దగ్గర 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉంటుంది. గేములకు పనికొచ్చేది ఆ క్యాషే, డేటా కోసం ప్రాసెసర్ మాటిమాటికీ ర్యామ్ దాకా వెళ్లే పని తగ్గుతుంది. మామూలు క్యాష్ ఉన్న మిగతా ఎనిమిది కోర్లు మీ గ్రేడిల్ బిల్డుకి పనికొస్తాయి. గేమ్‌ని సరైన కోర్ల మీదికి పంపాలంటే ఏఎండీ చిప్‌సెట్ డ్రైవర్ వేసి తీరాలి, విండోస్‌లో గేమ్ బార్ తీసేయకూడదు, ఈ రెండూ మరిచిపోయి ప్రాసెసర్ బాగోలేదని తిట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. బిల్డుల గొడవ లేని వాళ్లకి, అంటే గేమింగూ బ్రౌజరూ మాత్రమే అయితే, 8 కోర్ల 9800ఎక్స్3డీ చాలు. గేముల్లో రెండింటికీ పెద్ద తేడా కనిపించదు.

ర్యామ్ దగ్గర నాలుగు స్టిక్కులు వద్దు. స్లాట్లు నాలుగున్నా ఈ ప్రాసెసర్లలో డీడీఆర్5 రెండు స్టిక్కులతోనే బాగా నడుస్తుంది. ఏఎండీ లెక్క ప్రకారమే రెండు వేస్తే స్పీడ్ 5600, నాలుగు వేస్తే 3600. ఒకే ప్యాక్‌లో వచ్చే 32 జీబీ స్టిక్కులు రెండు, 6000 స్పీడ్, సీఎల్30 (ర్యామ్ స్పందించడంలో ఆలస్యం, ఈ అంకె తక్కువుంటే మేలు) తీసుకుని ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టించండి. బయోస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడ్‌లో నడిపించే సెట్టింగ్) ఆన్ చేయకపోతే 6000కి డబ్బు కట్టి అంతకన్నా తక్కువ స్పీడ్‌లో వాడుతుంటారు, అందుకే షాపులో ఉన్నప్పుడే టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ పేజీలో స్పీడ్ చూసుకోండి. ఏఐ డేటా సెంటర్ల కొనుగోళ్ల వల్ల 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి, 64 జీబీ భారమే. ఇప్పుడు వాడుతున్న సిస్టమ్‌లో ఎమ్యులేటర్లు, డాకర్ అన్నీ తెరిచి ఉన్నప్పుడు ఎంత వాడుతోందో ఒకసారి చూసి, అది 22, 23 జీబీ దాటుతుంటే వెనకాడకండి. ఇప్పటికి 32తో సరిపెట్టుకుని తర్వాత ఇంకో జత వేద్దామంటే మళ్లీ ఆ నాలుగు స్టిక్కుల సమస్యే వస్తుంది.

జెన్5 ఎస్‌ఎస్‌డీ అక్కర్లేదు. సెకనుకు 7 వేల ఎంబీ ఇచ్చే మంచి జెన్4తో గేమ్ లోడయ్యే సమయంలో మీకు తేడా తెలియదు. 1 టీబీ ఒకటి విండోస్‌కీ పనికీ, 2 టీబీ ఒకటి గేములకీ. మదర్‌బోర్డు బీ850 చిప్‌సెట్‌ది సరిపోతుంది, అయితే కొన్ని బోర్డుల్లో ఎస్‌ఎస్‌డీ పెట్టే ఫలానా ఎం.2 స్లాట్ వాడితే గ్రాఫిక్స్ కార్డుకి లేన్లు (డేటా వెళ్లే దారులు) సగమైపోతాయి, మాన్యువల్లో ఉంటుంది, చూసి కొనండి.

ఎస్‌ఎంపీఎస్ 850 వాట్లు, గోల్డ్ రేటింగ్, ఏటీఎక్స్ 3.1 అని రాసి ఉన్నది. కార్డుకి వెళ్లే 12వీ-2×6 కేబుల్ అడాప్టర్ లేకుండా నేరుగా ఎస్‌ఎంపీఎస్ నుంచే రావాలి. బిగించేటప్పుడు దగ్గరుండి చూడండి. ప్లగ్గుకీ సాకెట్‌కీ మధ్య సందు కనిపించకూడదు, ప్లగ్గు దగ్గరే వైరు మడత పడకూడదు. ఈ తరహా కనెక్టర్లు కరిగిపోవడం ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల కాలంలోనే చూశాం, పూర్తిగా లోపలికి దిగకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం.

ప్రశ్న: మావాడు గేమ్ ఆడుతుంటే కరెంటు పోయినప్పుడల్లా యూపీఎస్ ఉన్నా సిస్టమ్ ఆరిపోతోంది. కేబినెట్ ఇనుప భాగం తాకితే చేతికి జివ్వుమంటోంది. ప్రాసెసర్ 9800ఎక్స్3డీ, కార్డు 5070 టీఐ, యూపీఎస్ 600 వీఏ. ఎండాకాలం ఇంకేమవుతుందోనని భయంగా ఉంది.
— ఒక తల్లి, రామగుండం

జవాబు: అమ్మా, ముందు ఆ జివ్వుమనడం సంగతి చూడండి, మిగతావి ఆగొచ్చు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి చాలా కొద్దిపాటి కరెంటు కేబినెట్‌కి చేరుతుంది, ఎర్తింగ్ ఉంటే అది నేలలోకి పోతుంది. లేకపోతే డబ్బా మీద వంద వోల్టుల పైనే నిలిచి ఉంటుంది. చాలా ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది కానీ పైన ఉన్న పెద్ద రంధ్రానికి వెనకాల వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్ పెట్టించండి: ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య ఇంచుమించు 230 రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. సాకెట్‌లోనే ఎర్త్‌నీ న్యూట్రల్‌నీ కలిపేస్తానంటే ఒప్పుకోకండి, అది ప్రాణాపాయం. పని పూర్తయ్యేదాకా బాబుని ఆ సిస్టమ్ వాడనివ్వకండి.

యూపీఎస్ చెడిపోయిందనుకోనక్కర్లేదు. 600 వీఏ అంటే సాధారణంగా 360 వాట్లే, గేమ్ నడుస్తున్నప్పుడు ఈ సిస్టమ్ అంతకంటే ఎక్కువే లాగుతుంది, అందుకే భారం మీద పడగానే ఆగిపోతోంది. 900 వాట్లు ఇవ్వగలిగే ప్యూర్ సైన్ వేవ్ (లైన్ కరెంటు లాగే సాఫీగా ఇచ్చే) యూపీఎస్ కావాలి, వీఏ చూడకండి, వాట్లు అడగండి. అది కూడా గేమ్ సేవ్ చేసుకుని ఆపేయడానికి కొన్ని నిమిషాలు ఇస్తుందంతే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే, సిస్టమ్ మోయగల వాట్లు దానికి ఉంటేనే ఆ లైన్ మీద పెట్టండి. చాలా ఇన్వర్టర్లకి ఉండే యూపీఎస్, ఎకో స్విచ్చు యూపీఎస్ వైపు ఉందో లేదో కూడా చూడండి, అటు ఉంటేనే కరెంటు పోగానే సిస్టమ్ ఆరిపోకుండా త్వరగా బ్యాటరీకి మారుతుంది.

ఎండల సంగతి: గదిలో పది డిగ్రీలు పెరిగితే లోపలి భాగాల వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. ముందు అద్దమున్న కేబినెట్‌లో గాలి ఆడదు, జాలీ ఉన్నది మేలు. 9800ఎక్స్3డీకి రెండు టవర్ల ఎయిర్ కూలర్ చాలు, లిక్విడ్ కూలర్ కొనక్కర్లేదు. సిస్టమ్ గోడకి ఆనించకుండా జరిపి, ముందున్న డస్ట్ ఫిల్టర్ నెలకోసారి కడిగి, పూర్తిగా ఆరాక పెట్టమనండి.

ప్రశ్న: అన్నయ్య డాలస్ నుంచి వస్తున్నాడు. గ్రాఫిక్స్ కార్డు అక్కడి నుంచి తెప్పించుకోనా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ధరలో తేడా చాలా ఉంటేనే. చాలా కంపెనీలు కార్డు వారంటీ కొన్న దేశంలోనే ఇస్తాయి, పాడైతే మళ్లీ అమెరికా పంపాల్సి వస్తుంది. పరిమితి దాటితే కస్టమ్స్ డ్యూటీ కూడా పడుతుంది, అమెరికాలో కట్టిన సేల్స్ ట్యాక్స్ సరేసరి. ఇవన్నీ కలిపి చూసుకోండి.

ప్రశ్న: సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో) కొనాలా, ఆన్‌లైన్‌లోనా?
— ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: రెండుచోట్లా ధర అడగండి, వెయ్యి రెండు వేల తేడా అయితే షాపులోనే కొనండి, ఏదైనా తేడా వస్తే వెళ్లి అడగడానికి మనిషి ఉంటాడు. జీఎస్‌టీ బిల్లు మీద ప్రతి వస్తువు సీరియల్ నంబరూ రాయించుకోండి, డబ్బాలన్నీ ఇంటికి తెచ్చుకోండి. సిస్టమ్ కట్టాక అక్కడే అరగంట గేమ్‌గానీ టెస్ట్‌గానీ నడిపించి చూసుకోండి, డబ్బు మొత్తం ఆ తర్వాతే కట్టండి.