గుడ్డులోని పచ్చసొనే కోడిపిల్లగా మారుతుందా?

మారదు. పచ్చసొన మీద ఉండే చిన్న తెల్లచుక్కలోని కణాలే కదిలి, చోటు మారి పిల్లగా తయారవుతాయి.

కణాలు విడిపోతూ పోతే సంఖ్య పెరుగుతుంది గానీ రూపం రాదు. పుంజుతో కలిసిన పెట్ట గుడ్డు పెట్టేసరికే ఆ చుక్కలో వేల కణాలు పలుచని పొరలా ఉంటాయి. పెట్ట పొదిగే వేడి తగిలాక వాటిలో కొన్ని ఆ పొర మధ్యగీత వైపు జరిగి లోపలికి దిగుతాయి. అలా మూడు పొరలు ఏర్పడతాయి: పైదాని నుంచి చర్మం, మెదడు, నడిమిదాని నుంచి గుండె, కండరాలు, రక్తం, అడుగుదాని నుంచి పేగుల లోపలి పొర, కాలేయం. ఎటు పోవాలో చెప్పేది చుట్టుపక్కల కణాల రసాయన సంకేతాలు.

గుండెనే చూడండి. రెండు పక్కల కణాలు నడిమికి వచ్చి కలిసి ఒక గొట్టమవుతాయి, రెండో రోజుకే కొట్టుకుంటుంది. ఆ కలయికను అడ్డుకుంటే రెండు గుండెలు ఏర్పడటం ప్రయోగాల్లో కనిపించింది! వరంగల్ పల్లెల్లో పొదగేసిన నాటుకోడి గుడ్డును నాలుగైదు రోజులకు టార్చ్‌లైట్ మీద పెట్టి చూస్తే కనిపించే ఎర్రటి సన్నదారాలు ఈ నడిమి పొర రక్తనాళాలే.

పచ్చసొన రోజురోజుకూ తగ్గడం చూసి అదే పిల్ల అవుతోందని చాలామంది అనుకుంటారు. అది తిండి మాత్రమే. మిగిలింది పిల్ల బయటికొచ్చే ముందు దాని కడుపులోకి చేరుతుంది, అందుకే ఒకటి రెండు రోజులు మేత లేకున్నా తట్టుకుంటుంది.