చిప్స్ అమెరికా చేరాలంటే ముందు మసాలా చిట్టా చూడండి

ప్రశ్న: మా అన్నయ్యకు రాజమండ్రిలో ఆలూ చిప్స్ యూనిట్ ఉంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (భారత ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు ఉంది. నేను ఇక్కడ దిగుమతి చేసుకుని ఇండియన్ స్టోర్లకు వేద్దామనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు ఉన్నంత మాత్రాన అమెరికాలో పని జరగదు. మీ అన్నయ్య యూనిట్‌ను అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర విడిగా నమోదు చేయించాలి. దీనికి ఫీజు లేదు. అమెరికాలో ఉండే ఒక ఏజెంటు పేరు, యూనిట్‌కు డన్స్ నంబరు (సంస్థను గుర్తించే నంబరు) కావాలి. సరి సంఖ్య ఉన్న ప్రతి సంవత్సరం అక్టోబరు 1 నుంచి డిసెంబరు 31 లోపు నమోదును పునరుద్ధరించాలి, లేకపోతే అది రద్దవుతుంది. ‘ఎఫ్‌డీఏ సర్టిఫికెట్ ఇప్పిస్తాం’ అంటూ డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి. ఈ నమోదుకు ఎఫ్‌డీఏ సర్టిఫికెట్ ఇవ్వదు.

ఇక మీ వైపు బాధ్యత. దిగుమతిదారు హోదాలో ఎఫ్‌ఎస్‌వీపీ, అంటే సరఫరాదారును తనిఖీ చేసుకునే పద్ధతి, మీ పేరనే ఉండాలి. కస్టమ్స్ బ్రోకరు పేరు పెట్టి ఊరుకుంటే కుదరదు. మీ ఏటా అమ్మకాల మూడేళ్ల సగటు 10 లక్షల డాలర్ల లోపు ఉంటే (ద్రవ్యోల్బణాన్ని బట్టి ఈ పరిమితి మారుతుంది) మీరు ‘అతి చిన్న దిగుమతిదారు’ కిందికి వస్తారు, కాగితాల పని చాలా తగ్గుతుంది. అయినా ఆ అర్హత ఉందని ప్రతి ఏడాది రాసిపెట్టుకోవాలి. రెండేళ్లకోసారైనా యూనిట్ నుంచి రాతపూర్వక హామీ తీసుకుని ఫైల్లో ఉంచాలి. సరుకు చేరకముందే ఎఫ్‌డీఏకు ప్రయర్ నోటీసు, అంటే సరుకు వస్తోందన్న ముందస్తు సమాచారం, వేయాలి. ఓడ అయితే రేవుకు చేరడానికి కనీసం 8 గంటల ముందు, విమానమైతే 4 గంటల ముందు. ఈ పని బ్రోకరే చేస్తాడు, కానీ తప్పు వివరం ఇస్తే ఆగిపోయేది మీ సరుకే.

ప్రశ్న: మా మసాలా చిప్స్ ప్యాకెట్ మీద పదార్థాలన్నీ ఇంగ్లిషులోనే ఉన్నాయి. అదే ప్యాకెట్ పంపితే సరిపోతుందా?
– రాజమండ్రి యూనిట్ నుంచి

జవాబు: సరిపోదు. ఎక్కువ సరుకు ఆగిపోయేది ఇక్కడే. బంగాళదుంపతో పేచీ రాదు, పైన చల్లే మసాలాతో వస్తుంది. ప్యాకెట్ డిజైనర్ దగ్గరికి వెళ్లే ముందు మసాలా సరఫరాదారు నుంచి పూర్తి చిట్టా తెప్పించుకోండి.

మొదట ఎలర్జీ పదార్థాలు. పాలు, గుడ్లు, చేప, రొయ్య, పీత జాతి, చెట్టుగింజలు, వేరుశనగ, గోధుమ, సోయా, వీటితోపాటు 2023 జనవరి 1 నుంచి నువ్వులు కూడా తప్పనిసరిగా చెప్పాలి. మనవాళ్లు తరచూ మరిచేది ఇంగువ. డబ్బాలో అమ్మే ఇంగువ పొడిలో చాలా బ్రాండ్లు మైదా కలుపుతాయి. మసాలాలో అది చిటికెడే ఉన్నా లేబుల్ మీద గోధుమ రాయాల్సిందే. ‘టమాటా’, ‘క్రీమ్ అండ్ ఆనియన్’ రుచుల్లో తరచూ పాలపొడి, వే (పాల విరుగుడు) పొడి ఉంటాయి. నూనె విషయం ఇంకో మెలిక. బాగా శుద్ధిచేసిన వేరుశనగ నూనెకు ఎలర్జీ మినహాయింపు ఉంది, గానుగ నూనెకు లేదు.

‘ఎడిబుల్ వెజిటబుల్ ఆయిల్’ అని వదిలేయకుండా పామోలిన్ అయితే పామోలిన్ అనే రాయండి. ధనియాలు, జీలకర్ర లాంటివి ‘స్పైసెస్’ కింద చేర్చవచ్చు కానీ వెల్లుల్లి పొడి, ఉల్లిపొడి అలా కుదరవు, పేరు పెట్టి రాయాలి. పసుపు, మిరప రంగు కూడా ఇస్తాయి కాబట్టి వాటినీ విడిగా రాస్తే మంచిది. రుచి పెంచే పదార్థాలకు మన ప్యాకెట్ల మీద వేసే ఐఎన్‌ఎస్ 621, 627, 631 కోడ్ నంబర్లు అక్కడ చెల్లవు, మోనోసోడియం గ్లూటమేట్ వంటి పూర్తి పేర్లు కావాలి.

రంగులు ఇంకా ప్రమాదం. మన దేశంలో అనుమతి ఉన్న పోన్సో 4ఆర్, కార్మోయిసిన్ అమెరికాలో నిషిద్ధం. టార్ట్రజిన్‌కు అనుమతి ఉన్నా, ఆ బ్యాచ్‌ను ఎఫ్‌డీఏ ధ్రువీకరించి ఉండాలి. అనుమతి లేని రంగు దొరికితే యూనిట్ పేరు దిగుమతి హెచ్చరిక జాబితాలో చేరవచ్చు. ఆపైన ప్రతి కంటైనరునూ పరీక్ష లేకుండానే ఆపవచ్చు, సరుకు మంచిదని రుజువు చేసుకోవాల్సింది మీరే. మిరప, పసుపు, పాప్రికా సారం చాలు, రంగు పొడి జోలికి పోకండి.

సాల్మొనెల్లా సంగతీ మరవద్దు. వేపుడు వేడికి క్రిములు చస్తాయి, కానీ మసాలా వేపాక చల్లుతారు, ఆ తర్వాత ఏ వేడీ తగలదు. అందుకే ఆవిరితో శుద్ధిచేసిన మసాలానే కొనండి, ప్రతి లాట్‌కు పరీక్ష నివేదిక తీసుకోండి.

కొలతలు: నికర బరువు ఔన్సుల్లోనూ గ్రాముల్లోనూ ముందు వైపు కింది 30 శాతం భాగంలో ఉండాలి. 150 గ్రాములంటే 5.3 ఔన్సులు. 100 గ్రాములకు లెక్క కట్టిన మన పోషకాల పట్టిక పనికిరాదు. చిప్స్‌కు ప్రమాణం 30 గ్రాములు, దానికి రెట్టింపు లోపు ఉన్న ప్యాకెట్ అంతా ఒక సర్వింగే. అంటే 50 గ్రాముల ప్యాకెట్‌కు ఒక్క సర్వింగ్ అని రాయాలి. ‘ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా’ అని, తయారీదారు, ప్యాక్ చేసేవారు, పంపిణీదారుల్లో ఒకరి పేరు, చిరునామా తప్పనిసరి. అభిమానం కొద్దీ ప్యాకెట్ మీద తెలుగులో ఏదైనా వివరం రాస్తే, తప్పనిసరి వివరాలన్నీ తెలుగులోనూ ఇవ్వాల్సి వస్తుంది, అది ముందే ఆలోచించుకోండి. స్టిక్కరు వేయాలంటే సరుకు ఓడెక్కక ముందే వేయించండి. రేవులో ఆగాక మార్చడానికి ఎఫ్‌డీఏ అనుమతి కావాలి, ఈలోపు గోడౌన్ అద్దె పెరుగుతూ పోతుంది.

ప్రశ్న: కొరియరులో పది కిలోల పెట్టెలు పంపి ఇంటి నుంచి అమ్మవచ్చా?
– నెల్లూరు పాఠకుడు

జవాబు: అమ్మకానికి పంపితే పెట్టె చిన్నదైనా నిబంధనలు మారవు. 800 డాలర్ల లోపు సుంకం లేని వెసులుబాటు కూడా 2025 ఆగస్టు 29 నుంచి నిలిపివేశారు. కస్టమ్స్ సుంకాల పట్టికలో చిప్స్ వర్గం 2005.20, పంపే వారంలోనే సుంకం ఎంతో బ్రోకరును అడగండి.

ప్రశ్న: సరుకు చేరేసరికి చిప్స్ మెత్తబడి, పాత నూనె వాసన వస్తోంది. కొన్ని ప్యాకెట్లు పగిలాయి.
– ఆరోరా, కొలరాడో

జవాబు: మెత్తబడటం సీలు లోపం. ప్యాకెట్‌ను నీటిలో ముంచి నొక్కితే బుడగలు ఎక్కడొస్తున్నాయో కనిపిస్తుంది. చాలాసార్లు మధ్య అతుకు, పై అతుకు కలిసే మూలలోనే వస్తాయి, అక్కడ మసాలా రేణువులు చిక్కుకుంటాయి. వాసనకు కారణం లోపల మిగిలిన ఆక్సిజన్. నైట్రోజన్ నింపినా కొలిచి చూడకపోతే లాభం లేదు, 2 శాతం లోపు ఉండేలా చూడండి. ఫిల్మ్ లోహపు పొర ఉన్నదై ఉండాలి, పారదర్శక కవరు ఓడ ప్రయాణానికి పనికిరాదు.

పగలడానికి కారణం మీ ఊరి ఎత్తు. ఆరోరా ఉన్న డెన్వర్ ప్రాంతం సముద్రమట్టానికి 1600 మీటర్ల పైన ఉంది, బయటి గాలి ఒత్తిడి తగ్గి ప్యాకెట్ ఉబ్బుతుంది. కొలరాడోకు వచ్చే లాట్‌లో గ్యాస్ తక్కువ నింపమని యూనిట్‌కు చెప్పండి, అట్టపెట్టెలో పైన కాస్త ఖాళీ వదలమనండి.

ప్రశ్న: అదే సరుకు బ్రిటన్‌కూ పంపవచ్చా?
– బర్మింగ్‌హామ్ పాఠకుడు

జవాబు: లేబుల్ మళ్లీ చేయించాలి. అక్కడా, ఐరోపా యూనియన్‌లోనూ ఎలర్జీ పదార్థాలు 14, వాటిలో ఆవాలు ఉన్నాయి. చిప్స్‌లో ఆక్రిలమైడ్‌కు (వేపుడులో పుట్టే హానికర రసాయనం) కిలోకు 750 మైక్రోగ్రాముల ప్రామాణిక స్థాయి ఉంది. 6 డిగ్రీల కన్నా చల్లగా నిల్వ చేసిన దుంపలో చక్కెర పెరిగి చిప్స్ ఎర్రబారతాయి, ఆక్రిలమైడ్ పెరుగుతుంది. కోల్డ్ స్టోరేజీ యజమానిని ఉష్ణోగ్రత రికార్డు అడగండి, కొనే ముందు నాలుగు దుంపలు వేయించి రంగు చూడండి.