నంబర్ ప్యాడ్ లేని ల్యాప్‌టాప్‌లో గీతలున్న అక్షరాలు

ఆల్ట్ కీ పట్టుకుని 0233 అనే కోడ్ కొట్టినా, పైన గీతున్న ఫ్రెంచ్ అక్షరం (é) రావడం లేదన్నారు. తప్పు మీది కాదండీ. ఆ కోడ్లు కుడివైపు విడిగా ఉండే నంబర్ ప్యాడ్‌తోనే పనిచేస్తాయి, పై వరుసలోని అంకెలతో కుదరదు. మీ ల్యాప్‌టాప్‌కు ఆ ప్యాడ్ లేదు కాబట్టి కోడ్ల సంగతి వదిలేయండి. (ప్యాడ్ ఉన్నవాళ్లు మాత్రం ముందున్న సున్నా మానకండి. అది లేకపోతే వేరే అక్షరం పడుతుంది.)

విండోస్ సెట్టింగ్స్‌లో భాషల విభాగానికి వెళ్లి, ఇంగ్లిష్ ఆప్షన్స్‌లో 'యునైటెడ్ స్టేట్స్ ఇంటర్నేషనల్' కీబోర్డ్ చేర్చుకోండి. ఇక అపాస్ట్రఫీ (') కొట్టి వెంటనే ఇ (e) నొక్కితే, 'కెఫే' చివర వచ్చే, పైన ఏటవాలు గీతున్న అక్షరం వచ్చేస్తుంది. కుడివైపు ఆల్ట్‌తో ఎన్ నొక్కితే స్పానిష్‌వాళ్ల అలగీత ఎన్ (ñ) వస్తుంది.

ఒక్కటే చికాకు. మామూలు అపాస్ట్రఫీ కొట్టినా వెంటనే కనబడదు, తర్వాతి అక్షరం కోసం ఆగుతుంది. కీబోర్డ్ పాడైందని టెన్షన్ పడకండి, స్పేస్ నొక్కితే వస్తుంది. డబుల్ కోట్స్‌కూ అంతే. నాకు రెండు రోజుల్లో చేతికి అలవాటైపోయింది. వద్దనుకున్నప్పుడు విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి పాత కీబోర్డ్‌కు మారిపోవచ్చు.